అమ్మవారి ఆకుపచ్చ పులి

దసరాకి చిక్కడపల్లి వెళ్తున్నది అమ్మను చూడ్డానికని ఇంట్లో చెప్పాను. అసలు పని అటక మీద ఉంది.

"డబ్బాతో సహా ఉంటే మంచి రేటు పలుకుతుంది సార్" అని ఆఫీసులో ఒకాయన అన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. 1984లో మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన బ్యాటిల్ క్యాట్ అనే ఆటబొమ్మ గురించి ఆ మాట. కార్టూన్ వీరుడు హీ-మాన్ ఎక్కి తిరిగే పులి!

ఆ డబ్బా మీద బొమ్మ రూడీ ఒబ్రెరో వేశాడు. ఈ పేరు నాకు జుట్టు నెరిశాక తెలిసింది. కండలు తిరిగిన హీ-మాన్‌ను మోస్తూ మీదికొచ్చే పులి. తీరా విప్పితే లోపల పులి ఒక్కటే! హీ-మాన్‌ను విడిగా కొనుక్కోవాలట. పైగా దాని కాళ్లు కదలవు. బస్టాపులో నిలబడ్డట్టు నిలబడుతుంది. వారం ఏడ్చి, ఆ తర్వాత పులిని పక్కన పడేసి డబ్బాతోనే ఆడుకున్నాను.

అటక మీద డబ్బా లేదు, పులీ లేదు.

"కొలువులో చూడు" అంది అమ్మ వంటింట్లోంచి.

మూడో మెట్టు మీద, ఎర్ర జీను మీద కూర్చుని దుర్గమ్మ. పులి నుదుట కుంకుమ. దాని శిరస్త్రాణం బోర్లా తిప్పి, అందులో అక్షింతలు.

"మన మట్టి పులి కాలు విరిగిందిరా. ఇది ఊరికే పడుంది కదా."

"పచ్చ పులేంటని ఎవరూ అడగలేదా?"

"పక్కింటి పిన్నిగారు అడిగారు. శ్యామలాదేవి పులి అని చెప్పా. దండం పెట్టుకుని వెళ్లారు."

డబ్బా మెట్టు కింద ఎత్తుకి పెట్టారు. పట్టకపోతే కత్తిరించారు. హీ-మాన్ మెడ దాకానే ఉన్నాడు. తల కోసం వెతికితే, దీపపు సెమ్మె కింద నూనె పీల్చుకుని నిగనిగలాడుతోంది.

గట్టిగా అరుద్దామనుకున్నా. కానీ ఆ పులి పుట్టుకే అలాంటిది. దాన్ని తయారుచేసిన మాటెల్ కంపెనీ వాళ్లు అంతకుముందు బిగ్ జిమ్ బొమ్మల కోసం చేసుకున్న పులి అచ్చునే మళ్లీ వాడి, పచ్చరంగు వేసి హీ-మాన్‌కి ఇచ్చారు. అమ్మ కూడా ఇంట్లో ఉన్నదాంతో సర్దుకుంది.

ఇంతలో ఆఫీసాయన ఫోన్. "డబ్బా దొరికిందా సార్?"

"దొరికింది. దాని మీద పదకొండు మంది దేవుళ్లున్నారు. దసరా అయ్యేదాకా కదపకూడదట."