పట్టువిడుపులు

సంక్రాంతికి ఒంగోలు పక్కన మా ఊళ్లో ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టారు. ఆరోజు నేను పడిన శ్రమ అంతా ఇంతా కాదు. మూడు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను, రెండుసార్లు టీ తాగాను, గొంతు పోయేదాకా అరిచాను. రాత్రి రెండింటికి ఎడమ పిక్క పట్టేసింది. చేత్తో తాకితే గుండ్రాయి. నా కేకలకు మా ఆవిడ లేచి లైటేసి, "ఏందండీ ఇది, లాగింది ఎడ్లు గదా, పట్టింది మీకా?" అంటూనే కాలివేళ్లు పట్టుకుని పాదాన్ని మోకాలి వైపు వంచింది. కాసేపటికి పట్టు వదిలింది.

ఆ అవమానంతో కండరాల సంగతి కాస్త చదివాను.

కండకు లాగడం తప్ప తొయ్యడం రాదు. ఒంగోలు గిత్తకూ దానికీ అక్కడే పోలిక. చెయ్యి మడిస్తే ముందు కండ లాగుతుంది, చాపితే వెనక కండ లాగుతుంది. లోపల ఆక్టిన్ అనే సన్న పోగులు, మయోసిన్ అనే లావు పోగులు. నరం నుంచి కబురు రాగానే కండ లోపల ఓ గదిలో దాచిన కాల్షియం బయటికి దూకుతుంది, ఆక్టిన్ మీది మూత తప్పుకుంటుంది, మయోసిన్ తలలు దాన్ని పట్టి గుంజుతాయి. పోగులేమీ పొట్టిబడవు, ఒకదాని పక్కన ఒకటి జారతాయంతే. ఈ సంగతి 1954లో హక్స్‌లీ అనే ఒకే ఇంటిపేరున్న ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా, ఒకే పత్రిక ఒకే సంచికలో చెప్పారు. ఇద్దరూ చుట్టాలు కారట. మా ఊళ్లో ఎవరూ నమ్మరు.

గుంజడానికి ఏటీపీ అనే ఇంధనం కావాలి, సరే. అసలు తిరకాసు విడుపు దగ్గర ఉంది. పట్టిన తల వదలాలన్నా కొత్త ఏటీపీ వచ్చి దానికి అంటుకోవాల్సిందే. బయటపడ్డ కాల్షియాన్ని మళ్లీ గదిలోకి తోడిపొయ్యాలన్నా ఏటీపీయే. ప్రాణం పోయాక ఒళ్లు కొయ్యబారేది ఇందుకే. పట్టు ఉంటుంది, విడిపించే దిక్కు ఉండదు. (మా గుడి కమిటీ అధ్యక్షుడు పదకొండేళ్లుగా కుర్చీ వదలకపోవడానికి జనం ఏవేవో కారణాలు చెబుతారు. పాపం, ఆయనకు ఏటీపీ అందడం లేదేమో అని ఎవరూ ఆలోచించరు.)

నా పిక్కలో మాత్రం ఇంధనానికి కరువు లేదు. నరమే తలతిక్కగా కబురు మీద కబురు పంపింది. ఆ ఒక్క ముక్క ఇంట్లో చెప్పలేదు.

పోటీ అయ్యాక ఒక గిత్తను దగ్గరగా చూశాను. కాడి దించేశారు. అయినా తొడ మీది చర్మం కింద కండ ఇంకా సన్నగా అదురుతూనే ఉంది. రైతు తడి గోనెపట్టాతో మెల్లగా రుద్దుతున్నాడు. ఇంకా పని అయిపోలేదని ఆయనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గిత్తకు దొరికిన ఆ గౌరవం గృహస్థుకు ఎందుకు దొరకదు?

కాబట్టి ఇందుమూలంగా విన్నవించుకునేది ఏమనగా: మధ్యాహ్నం చేపల పులుసుతో భోంచేశాక, రెండింటి నుంచి నాలుగింటి దాకా సోఫాలో నేను చేసేదాన్ని ఇకమీదట నిద్ర అనరాదు. ఆ వేళ నా ఒంట్లో లెక్కలేనన్ని కాల్షియం పంపులు జీతం లేని డ్యూటీలో ఉంటాయి. దాన్ని పనిగా గుర్తించాలి, మధ్యలో రేషన్ షాపుకు పంపరాదు.

అర్జీ పూర్తిగా చదివి వినిపించాను. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ శ్రద్ధగానే వింది.

"అయితే వదలడం కూడా పనేనంటారు."

"ముమ్మాటికీ."

"సరే, ముందు ఆ రిమోట్ వదలండి. సీరియల్ టైమైంది."