మానిటర్ అంచున వెలసిన పాస్‌వర్డ్ చీటీ గారికి

నమస్కారం. మొన్న శుక్రవారం కరెంటు ఆఫీసు కౌంటర్ ముందు మూడు గంటలు నిలబడి తమరి దర్శనం చేసుకున్నవాణ్ణి. మీకు నేను గుర్తుండకపోవచ్చు, నాకు మాత్రం మీరు కంఠతా వచ్చేశారు. ఇక్కడ రాయనులెండి, ఆ మాత్రం దేశభక్తి ఉంది.

మా నాన్న పేరున ఉన్న మీటరు నా పేరుకు మార్చడానికి నాకు రెండు ఓటీపీలు, ఆధార్, పైగా క్యాప్చా. నాలుగుసార్లు తప్పు కొట్టించి నేను మనిషినేనా అని నాకే డౌటు తెప్పించింది. అవతలి వైపు మాత్రం ఫ్యాను గాలికి ఊగుతూ మీరొక్కరే! కరెంటు, బ్యాంకుల లాంటి కీలక వ్యవస్థల్ని కాపాడటానికి ఢిల్లీలో 2014 నుంచి ఎన్‌సీఐఐపీసీ అని ఒక సంస్థే ఉంది. వాళ్ల చివరి కాపలాదారు మీరేనని పాపం వాళ్లకు తెలుసో లేదో.

2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం మా మీద సైబర్ దాడి సాధ్యమే కాదంది. మర్నాడే ఆ కేంద్రాన్ని నడిపే సంస్థ, ఆఫీసు పనులకు వాడే ఒక పీసీలో మాల్వేర్ అనే దొంగ ప్రోగ్రామ్ దొరికిన మాట నిజమేనని ఒప్పుకుంది. రియాక్టర్ల సిస్టమ్స్‌కి ఏం కాలేదట, సంతోషం. 2022 నవంబరులో సైబర్ దాడితో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు లాకైపోతే రోజుల తరబడి ఆదుకున్నది మీ చుట్టాలే, చేత్తో రాసిన ఓపీ చీటీలు.

అసలు నీకు సిగ్గుందా? అయినా నిన్నని ఏం లాభం, కాగితానివి. తొంభై రోజులకోసారి మార్చాలి, పన్నెండు అక్షరాలుండాలి, అందులో ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి, పాతది మళ్లీ పెట్టకూడదు అని సర్క్యులర్ పంపి చేతులు దులుపుకున్నవాణ్ణి అనాలి. ధారణ చెయ్యడానికి కౌంటర్లో ఉన్న ఆ మేడమ్ ఏమన్నా అవధానం చేస్తోందా? (పక్కన పెన్‌డ్రైవ్‌లో సినిమా ఎక్కించుకుంటున్న ఆయన సంగతి ఇంకో ఉత్తరంలో.)

నాలుగింటికి మేడమ్ వెళ్లిపోయింది. ఆ సీట్లో కూర్చున్న కుర్రాడు రెండుసార్లు తప్పు కొట్టి, నీ వైపు కళ్లు చిట్లించి, "చివర్లో ఇది సున్నానా, ఓనా?" అని గొణిగాడు. మూడోసారి కూడా తప్పితే లాకైపోతుంది, మళ్లీ సోమవారమే. ఆగలేక ఇవతల నుంచి నేనే చెప్పాను, "సున్నా బాబూ, మధ్యలో గీత ఉంది చూడు" అని.

"సున్నానే, సున్నానే," అన్నాడు నా వెనక నిలబడ్డ పెద్దాయన.

ఇట్లు,
మీటరు పేరు మారిన వినియోగదారుడు