సిగ్నల్ తిరిగొచ్చినా రైల్లో నెట్ ఎందుకు కదలదు?

విజయవాడ–గూడూరు మార్గంలో రైళ్లు గంటకు 130 కిలోమీటర్ల దాకా వెళ్తున్నాయి. అంటే సెకనుకు 36 మీటర్లు. ఆ వేగంలో ఫోన్ టవర్ మీద టవర్ మారుతూ పోవాలి. మధ్యలో సిగ్నల్ పోతుంది, కాసేపటికి గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి. అయినా స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందరం టవర్‌నే తిట్టుకుంటాం గానీ, ఇందులో టీసీపీ వాటా కూడా పెద్దదే.

డేటాను ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పంపి, అవి చేరాయో లేదో చూసుకునే పద్ధతే టీసీపీ. 1986లో రద్దీ దెబ్బకు ఇంటర్నెట్ కుదేలైతే, 1988లో కంప్యూటర్ శాస్త్రవేత్త వాన్ జాకబ్సన్ టీసీపీకి పగ్గాలు వేశారు. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉన్నట్టే, వేగం తగ్గించాలన్నది ఆ సూత్రం. తీగల మీద నడిచే నెట్‌కు అది చక్కగా పనికొచ్చింది. గాలిలో అలా కాదు. టవర్ మారినా, కొండ అడ్డొచ్చినా ప్యాకెట్ పోతుంది. టీసీపీ దాన్నీ రద్దీ అనుకుని వేగం తగ్గించేస్తుంది.

అసలు నష్టం ఎదురుచూపుల్లో ఉంది. జవాబు రాకపోతే టీసీపీ ఒక సెకను ఆగి మళ్లీ పంపుతుందనుకుందాం. అప్పుడూ రాకపోతే 2 సెకన్లు, తర్వాత 4, ఆపైన 8 సెకన్లు ఆగుతుంది. అంటే 1, 3, 7, 15వ సెకన్లలో ప్రయత్నాలు. 8వ సెకనులో సిగ్నల్ వచ్చినా 15 దాకా ఏమీ కదలదు, పంపేవైపు టైమర్ ఇంకా పూర్తికాలేదు కాబట్టి. యూపీఐలో డబ్బు పంపుతున్నవాళ్లకు ఆ ఏడు సెకన్లూ టెన్షనే.

మందు లేకపోలేదు. గూగుల్ 2016లో తెచ్చిన బీబీఆర్ అనే వేగ నియంత్రణ పద్ధతి, ఒక ప్యాకెట్ పోయిందని బెదిరిపోదు. దారి ఎంత మోయగలదో కొలుచుకుంటుంది. టీసీపీకి బదులుగా వాడే క్విక్ 2021లో ప్రమాణంగా ఖరారైంది, అది ఇంకో మెట్టు పైన ఉంది. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారితే ఐపీ అడ్రస్ మారి టీసీపీ కనెక్షన్ తెగిపోతుంది. క్విక్‌కు సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి తెగకుండా కొనసాగగలదు. రెట్టింపు ఎదురుచూపు మాత్రం దానికీ తప్పలేదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నగరాల్లో, హైవేల మీద, రైలు మార్గాల్లో తిరుగుతూ నెట్‌వర్క్‌ను కొలిచే డ్రైవ్ టెస్టులు చేస్తోంది. మంచి పనే. కానీ సగటు నెట్ వేగం చెప్పే ఎంబీపీఎస్‌లో ప్రయాణికుడి కష్టం కనపడదు. సిగ్నల్ వచ్చాక డేటా కదలడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచి, మార్గాలవారీగా ప్రకటించాలి. బ్యాంకు యాప్‌లు కూడా నెట్ తిరిగి రాగానే కొత్త కనెక్షన్ తెరిచి, ఆగిన లావాదేవీ ఏమైందో అడిగి తెలుసుకోవాలి. ఆఫీసు వైఫైలో పరీక్షించి సరిపెట్టకుండా, కదులుతున్న పల్లెవెలుగు బస్సులో కూడా పరీక్షించాకే వాటిని విడుదల చేయాలి.