స్టెప్నీ వయసు

బండికి నాలుగు టైర్లు ఎంచుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. పెళ్లిచూపుల్లో చేతికిచ్చిన కాఫీ చల్లారకముందే సరేనన్న మనిషికి రబ్బరు దగ్గరకు వచ్చేసరికి ఇంత విచక్షణ ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిందని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

బండి 2016లో మన శ్రీసిటీలో తయారైన డబుల్ క్యాబిన్ పికప్. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హైదరాబాద్ నుంచి పల్నాడులోని మా అత్తవారి ఊరికి వెళ్లేటప్పుడు అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మీద ఉన్నంతసేపూ ఏ టైరైనా ఒకటే గానీ, దాన్ని విడిచి ఊరి దారి పట్టాక మొదట కత్తుల్లాంటి నాపరాయి ముక్కలు, తరువాత డొంక, ఆ తరువాత వాన పడితే మనిషిని వదిలినా చెప్పులను వదలని నల్లరేగడి వరుసగా ఎదురవుతాయి. అందుకని పది కాలాలపాటు మన్నే ఆల్ టెరైన్ టైర్లే వేయించాలని నిశ్చయించుకున్నాను.

టైరు పక్కగోడ మీద ఇంత సాహిత్యం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. 245/70 ఆర్16 అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లనీ, గోడ ఎత్తు అందులో 70 శాతమనీ, రిమ్ము 16 అంగుళాలదనీ నేర్చుకున్నాను. పక్కనే 112 అని ఉంటే ఆ టైరు 1,120 కిలోలు మోయగలదని అర్థం కాబట్టి, నాలుగూ కలిపి 4,480 కిలోలకు హామీ ఇస్తున్నాయని సంతోషించాను. నేను ఆ బండిలో అంతవరకు మోసిన అత్యధిక బరువు ఆరు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, రెండు ఆవకాయ జాడీలు. మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉన్న టైరు తీవ్రమైన మంచులోనూ పట్టు తప్పదని చదివి, ఆ బొమ్మ ఉన్నదే కావాలని పట్టుబట్టాను. మా అత్తవారి ఊరు ఎండలకు పేరుమోసిన రెంటచింతలకు ఎంతో దూరం లేదన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. పైగా ఉన్న కొలత చాలదని 265/70కి పెంచాను. దానివల్ల చక్రం వ్యాసం 28 మిల్లీమీటర్లు పెరిగి, ముల్లు 80 చూపేటప్పుడు బండి నిజానికి 83లో పోతుందని కూడా లెక్క కట్టి, చూసి కొట్టండని ఇంటిల్లిపాదినీ హెచ్చరించాను. ఇంట్లో బండి నడపడం వచ్చింది నా ఒక్కడికే.

కంటి పరీక్షకు హైదరాబాద్ వచ్చిన మా మామగారిని కూడా వెంటబెట్టుకుని టైర్ల కొట్టుకు వెళ్లాను. కొట్టు యజమాని, కొలత మారుస్తున్నారు గనుక స్టెప్నీతో కలిపి అయిదు తీసుకోమన్నాడు. నేలను తాకేవి నాలుగే అయినప్పుడు అయిదోదానికి డబ్బు పోయడం ఎందుకని నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. అంతటితో ఆగకుండా మామగారిని వంగోబెట్టి, టైరు అంచున ఉన్న చివరి నాలుగంకెలు చూపించి, 0825 అంటే 2025వ సంవత్సరం ఎనిమిదో వారంలో తయారైందని అర్థమనీ, రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుందనీ, ఈ అంకెలు చదవకుండా టైరును నమ్మేవాడు జాతకం చూడకుండా పిల్లనిచ్చేవాడితో సమానమనీ బోధించాను. మామగారు నావంక ఒకసారి చూసి, “మీ జాతకం చూశాకే ఇచ్చాం అల్లుడుగారూ” అని మాత్రం అన్నారు.

శ్రావణంలో ఊరికి బయలుదేరాం. రహదారి మీద కొత్త టైర్లు సన్నగా, ఎడతెగకుండా గుయ్యిమంటూనే ఉన్నాయి. మా ఆవిడ పిడుగురాళ్ల దాకా కిటికీలోంచి విమానం కోసం వెతికింది. నాపరాళ్ల మీద ఒక్క గీత కూడా పడలేదు. పొలం దగ్గర నల్లరేగడి టైరు మీది గుబ్బల సందుల్లోకి ఎక్కి నాలుగు చక్రాలనూ నాలుగు నువ్వుల ఉండలుగా మార్చినా, ఫోర్ వీల్ డ్రైవ్ వేసి మొదటి గేరులో నిదానంగా లాగితే బండి మూలుగుతూ గట్టెక్కింది. మామగారు తల పంకించారు. ఆ తల పంకింపు కోసమే నేను మూడు నెలలు చదివానని చెప్పడానికి సిగ్గుపడను.

అక్కడి నుంచి ఇల్లు ఫర్లాంగు దూరం. ఊళ్లోది అద్దంలాంటి సిమెంటు రోడ్డు. ఎవరి ఇంట్లోనో పెళ్లి అయిపోయి, షామియానా వాళ్లు సామాను ఎత్తుకుపోతూ ఒక మేకును దారిలో వదిలారు. జానెడు పొడవున్న ఆ మేకు నా వెనక ఎడమ టైరులో గుబ్బల మధ్య సందును వెతుక్కుని మరీ దిగింది.

స్టెప్నీ బండి తొట్టి కింద గొలుసుకు వేలాడుతుంది. కడ్డీ దూర్చి తిప్పితే దిగాలి. తొమ్మిదేళ్లుగా ఎవరూ దింపకపోవడం వల్ల గొలుసు తుప్పుపట్టి, కడ్డీ తిరిగింది గానీ టైరు దిగలేదు. కొత్త చొక్కాతో నేను బండి కింద వెల్లకిలా పడుకుని సుత్తితో కొడుతుంటే, బయట ఎన్ని జతల కాళ్లు పోగవుతున్నాయో లెక్కపెట్టడం తప్ప వేరే కాలక్షేపం లేకపోయింది. పదిహేడో జత చేరేసరికి స్టెప్నీ దభీమని నా చెవి పక్కన పడింది. ముప్పై అయిదు పాయింట్లు ఉండవలసిన గాలి అందులో ఏడు పాయింట్లే ఉంది. గోడ నిండా ఎండిన చెరువు అడుగులాగా నెర్రెలు. మామగారు తాపీగా కళ్లజోడు పెట్టుకుని, వంగి, కండువాతో మట్టి తుడిచి పైకి చదివారు.

“1116. పదహారో సంవత్సరం, పదకొండో వారం. అంటే మార్చి. మన చంటాడికన్నా పెద్దది అల్లుడుగారూ.”

ఇంతలో పంక్చర్ల కుర్రాడు వచ్చాడు. చక్రం విప్పనే లేదు. మేకు పీకి, ఆ రంధ్రంలోకి జిగురు పూసిన రబ్బరు తాడు గుచ్చి, మిగిలిన కొస కోసి, గాలి కొట్టాడు. పది నిమిషాలు, నూటయాభై రూపాయలు. ట్యూబ్‌లెస్ టైరుకు స్టెప్నీ ఎందుకు దింపారని వాడు అమాయకంగా అడిగితే, పదిహేడు జతల కాళ్లూ నా జవాబు కోసం ఆగాయి. చూద్దామని దింపానన్నాను.

కొత్త స్టెప్నీ 265/70దే కొన్నాను. పాతది మా అత్తవారి వాకిట్లో వేపచెట్టుకు ఉయ్యాలగా వేలాడుతోంది. దాని అంకెలున్న వైపు వీధిలోకి తిప్పి కట్టారు. వచ్చిన చుట్టాలందరినీ మామగారు అక్కడికి తీసుకువెళ్లి, వంగోబెట్టి, ఆ నాలుగంకెలు ఎలా చదవాలో నేర్పుతున్నారు. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, మా అల్లుడుగారి దగ్గరేనని చెబుతున్నారు.