అరుపు ఆగితే భయం పోయినట్టేనా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. "కొత్త కుక్కను తెచ్చాక మూడు రోజులు గదిలో కట్టేయండి. ఏడ్చినా దగ్గరికి వెళ్లవద్దు, ఓదారిస్తే భయం పెరుగుతుంది. నాలుగో రోజు జనం సందడిలోకి తీసుకెళ్లండి, భయం అదే పోతుంది. అప్పటికీ అరిస్తే మనం వేసుకునే నిద్రమాత్రలో సగం చాలు." రాసినవారికి కుక్కల సంగతి ఎంత తెలుసో గానీ, ధీమాకు మాత్రం లోటు లేదు.

కట్టేసిన కుక్క మొదటి రాత్రంతా అరిచి, మూడో రాత్రికి ఊరుకోవచ్చు. సందేశం దీన్నే విజయం అంటోంది. ఎంత అరిచినా ఎవరూ రారని తెలిశాక అరవడం మానేస్తుంది, అంతే. భయం ఉందో లేదో ఒంటిని చూసి తెలుసుకోవాలి: తోక కాళ్ల మధ్యకు పోతుంది, వేడి లేకపోయినా రొప్పుతుంది, నిద్ర రాకుండానే ఆవులిస్తుంది, మూతి మాటిమాటికీ నాక్కుంటుంది, అన్నం ముట్టదు. గది ఇవ్వడం మంచిదే, కానీ తలుపు తీసి ఉంచాలి. పాత దుప్పటి, నీళ్లు పెట్టి, రాత్రి దానికి కనిపించే దూరంలో ఎవరైనా పడుకుంటే చాలావరకు నెమ్మదిస్తుంది. మూడు రోజుల గడువు కూడా అత్యాశే. పూర్తిగా కుదురుకోవడానికి నెలలు పట్టవచ్చు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచితే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 11వ సెక్షన్ కూడా అడ్డొస్తుంది.

ఇక ఓదార్పు. బిస్కెట్ పెడితే కుక్క మళ్లీ మళ్లీ కూర్చుంటుంది, ఎందుకంటే కూర్చోవడం దాని చేతిలో పని. భయం అలాంటిది కాదు, బహుమానం ఇచ్చినా పెరగదు. కుక్క దగ్గరికి వస్తే నిమరండి. మంచం కింద దూరితే లాగకండి.

చాలా ప్రమాదకరమైన సలహా నాలుగో రోజుది. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర జరుగుతుంది. వాయిద్యాల మోత, పులివేషాలు, ఇసుక వేస్తే రాలనంత జనం. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాటిన కీచు శబ్దం వినపడదు, కుక్క దాదాపు 45,000 దాకా వింటుంది. అలాంటి జంతువును ఆ గుంపులోకి ఈడ్చుకెళ్తే అలవాటు కాదు, భయం ముదురుతుంది. అలవాటు దూరం నుంచి మొదలుపెట్టాలి: సన్నగా శబ్దం వినిపించేచోట ఇష్టమైన ముక్క పెట్టి, రోజురోజుకూ కొంచెం దగ్గరగా. ముక్క తినడం మానేసిందంటే మరీ దగ్గరికి వెళ్లిపోయారని అర్థం, వెనక్కి రండి. అసలు యాత్ర రోజుల్లో తెల్లవారుజామునే తిప్పి తెచ్చి, కిటికీలు మూసి, టీవీ పెట్టడం మేలు. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయండి. బెదిరి పారిపోతే కొత్త కుక్కకు ఇంటిదారి తెలియదు.

మాత్రల సంగతి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వంటి మామూలు మందులే కుక్కను చంపగలవు. నిద్రమాత్రను అంచనాతో విరిచి వేయడం ఇంకెంత సాహసమో చూడండి. ఆందోళన తగ్గించే మందులు కుక్కలకూ ఉన్నాయి, పశువైద్యులు బరువు చూసి రాస్తారు. కొన్ని మత్తుమందులైతే కాళ్లను మాత్రమే కట్టేస్తాయి, లోపలి భయాన్ని తగ్గించవు. కుక్క రెండు రోజులుగా ఏమీ తినకపోతే గ్రూపులో అడగకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లండి; నీళ్లు తాగకపోయినా, మూత్రం పోయకపోయినా రెండో రోజు దాకా ఆగవద్దు.