కందిపప్పు డబ్బా వెనక ఉన్న కాజాల డబ్బాకు

మహారాజశ్రీ కాజాల డబ్బా గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలి కానీ, ఇక్కడ నేను క్షేమంగా లేను. నువ్వు మాత్రం పై అరలో, కందిపప్పు డబ్బా వెనకాల క్షేమంగానే ఉన్నావని తెలుసు. నిన్న రాత్రి పదకొండున్నరకే చూసొచ్చాను. "మీరు" అందామనే మొదలుపెట్టాను. చీకట్లో ఇన్నిసార్లు కలుసుకున్నవాళ్ళ మధ్య మీరేంటి, గారేంటి అనిపించింది.

నిన్ను అక్కడికి ఎక్కించింది నేనే. మా ఆడపడుచు తాపేశ్వరం నుంచి వస్తూ రెండు కిలోల మడత కాజాలు తెచ్చింది. పిల్లలకి అందకూడదని స్టీలు డబ్బాలో సర్ది, స్టూలు వేసుకుని మరీ పైన పెట్టాను. పిల్లలకి అందలేదు. నాకు స్టూలు అలవాటైంది.

నీ మూత సంగతి కాస్త మాట్లాడుకోవాలి. పగలు తీస్తే ఏ చప్పుడూ చెయ్యదు. రాత్రి తీస్తే టంగుమని వీధి చివరి వాచ్‌మన్‌కి కూడా వినిపిస్తుంది. అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను. వంటింటి గుడ్డ తడిపి మూత చుట్టూ చుట్టి, నిన్ను పొట్టకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, తిప్పుతూ లాగాలి. చప్పుడంతా గుడ్డ తాగేస్తుంది. ఇక కాజా. మొదటిది పొర పొరా విప్పుకుంటూ తింటాను, లోపలి మడతలో పాకం వేలికి అంటుకునేదాకా. రెండోదానికి కూడా కాస్త రుచి ఉంటుంది. మూడోదాని నుంచి నమలడమే. ఐదోది నోట్లో ఉండగానే చెయ్యి ఆరోదాని మీదికి పోతుంది. వద్దనుకుంటూనే ఉంటాను. ఆ చెయ్యి నా మాట వినదు.

ఒకరోజు పొద్దున్న ఆయన నిన్ను ఎత్తి చూసి "ఇదేంటి, ఇంత తేలికైపోయింది?" అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. కాజాలు నేను తిన్నాను, తిట్లు మా చిన్నాడు తిన్నాడు.

ఆయన గురించి కూడా చెప్పాలి. ఆరింటికల్లా మెడలో తువ్వాలు వేసుకుని వాకింగుకి వెళ్ళొస్తారు. వచ్చి రాగిజావ తాగుతూ "అంతా విల్ పవర్‌లోనే ఉందోయ్" అంటారు. "తీపి తినాలనిపిస్తే బెల్లంవి తిను, మంచిది" అని సలహా కూడా ఇస్తారు. బెల్లంలో కాస్త ఐరన్ ఉంటే ఉండొచ్చు కానీ కేలరీలు పంచదారకీ దానికీ దాదాపు ఒకటే. ఈ ముక్క ఆయనకీ, ఆత్రేయపురం బెల్లం పూతరేకులకీ ఎవరు చెప్తారు? పూతరేకులకి 2023లో ఆ ఊరి సొంత వంటకమనే గుర్తింపు, జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, ఇక అవి అస్సలు వినవు.

నా లెక్కలు నాకున్నాయి. విడిగా కలుపుకునే చక్కెర, తేనె లాంటివన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటొద్దని, 5 శాతంలోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 5 శాతమంటే సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. నేను రోజుకి మూడు టీలు తాగుతాను, టీకి రెండు చెంచాలు. నీ మూత తియ్యకముందే నా కోటా అయిపోయింది.

బరువు దించడం ఒక ఎత్తు, దించినదాన్ని నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఏడాది తంటాలుపడి 66 నుంచి 57 కిలోలకి వచ్చాను. ఐదడుగుల రెండంగుళాల నాకు అది సరిగ్గా గీత మీద. మామూలుగా బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 25 నుంచి అధిక బరువు అంటారు, మనవాళ్ళకి 23 నుంచే. మన కొవ్వు పొట్ట చుట్టూనే చేరుతుందని, షుగరు తొందరగా వస్తుందని అలా పెట్టారు. గీసినవాళ్ళు ఎప్పుడో ఆడపడుచు ఊరికి వెళ్ళొచ్చే ఉంటారు.

ఆ 57ని కాపాడుకోవడానికి మధ్యాహ్నం అన్నం మానేసి కీరదోస ముక్కలు తినేదాన్ని. ఆఫీసులో ఒకటే మెచ్చుకోళ్ళు. చివరికి డైటీషియన్ దగ్గరికి వెళ్ళి నీ మీద ఫిర్యాదు చేశాను. ఆవిడ నీ ఊసే ఎత్తలేదు. "మధ్యాహ్నం ఏం తిన్నారండీ?" అంది. చెప్పాను. "మరి రాత్రికి ఆకలెయ్యదూ?" అంది. వారానికి ఎన్నిసార్లు ఇలా జరుగుతోంది, మధ్యలో ఆపగలుగుతున్నారా, తిన్నాక మీ మీద మీకే అసహ్యం వేస్తోందా అని కూడా అడిగింది. వారానికి ఒకసారైనా ఇలా అదుపు తప్పడం మూడు నెలలు సాగితే దాన్ని జబ్బు కింద కూడా చూస్తారట. 2013లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకంలోకి విడి జబ్బుగా ఎక్కిందట. నాకు ఇప్పటిదాకా మా అమ్మ పెట్టిన పేరే తెలుసు, తిండిపోతుతనం అని. నవ్వబోయి ఎందుకో నవ్వలేకపోయాను.

ఇంతకీ ఆవిడ తీర్పు ఇది. మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు కడుపునిండా తినాలి. టీలో చక్కెర తగ్గించాలి. కాజా మానక్కర్లేదు, కానీ భోజనం అయ్యాక, కూర్చుని, ప్లేటులో పెట్టుకుని, పగటిపూట, అందరి ముందూ తినాలి. నిన్ను దాచడం మానేసి డైనింగ్ టేబుల్ మీద పెట్టమంది. ఆ ధైర్యం ఇంకా రాలేదు. మొన్న శనివారం మాత్రం ప్లేటులో ఒక్కటి పెట్టుకుని తిన్నాను. మా అత్తగారు అదేదో సర్కస్ అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. ఒక్కటితో లేచాను. లేచాక రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిన మాట నిజమే.

ఇట్లు,
స్టూలు దిగిన మనిషి

తా.క.: శనివారం పదకొండు కాజాలు లెక్కపెట్టి మూత వేశాను. ఆ తర్వాత ఒట్టు, నేను ముట్టుకోలేదు. నిన్న రాత్రి మంచినీళ్ళకి లేచి, ఊరికే లెక్క చూద్దామని వచ్చాను. స్టూలు అప్పటికే వేసి ఉంది. నీలో ఏడే ఉన్నాయి. మూతకి గుడ్డ చుట్టి ఉంది. నా వంటింటి గుడ్డ కాదు, వాకింగు తువ్వాలు.