డబ్బు కట్టిన సంచికలైనా ఉంచాలి కదా!

ఒక మ్యాగజైన్ యాప్‌కి మూడేళ్లు నెలనెలా చందా కట్టాను. ఖర్చులు పెరిగాయని పోయిన నెల ఆ చందా ఆపేశాను. కొత్త సంచికలు రావు, అది న్యాయమే. కానీ పాతవి కూడా పోయాయి! డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నవాటి మీద కూడా తాళం బొమ్మే. అమ్మకు చదివి వినిపిద్దామని గుర్తుపెట్టుకున్న కథ, సగంలో ఆపిన సీరియల్, దాచుకున్న వంటల పేజీలు, ఏదీ తెరుచుకోవడం లేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మీరు కట్టింది చదవడానికేనండీ, సొంతానికి కాదు" అన్నారు. నిబంధనల్లో ఉందట. మరి ఆ మాట డబ్బు కట్టే బటన్ పక్కనే పెద్దక్షరాల్లో ఎందుకు రాయరు?

2009లో అమెజాన్ కొందరి కిండిల్ అనే ఈ-బుక్ పరికరాల్లోంచి వాళ్లు కొనుక్కున్న పుస్తకాలనే తీసేసింది. డబ్బయితే తిరిగిచ్చింది. మాకు అదీ లేదు.

మా నాన్న పోస్టులో తెప్పించుకున్న చందమామలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చందా ఆపేశారని పోస్ట్‌మన్ వచ్చి పాతవి పట్టుకుపోలేదు. అసలు ఆ పత్రికే ఆగిపోయింది, అయినా మా పిల్లలు వాటిని చదువుతున్నారు.

కొత్తవి అడగడం లేదు. నేను డబ్బు కట్టిన 36 సంచికలు నాకు తిరిగి తెరవండి, చాలు.